మూతపడిన ఫ్యాక్టరీ స్థలాల్లో ఇళ్ళు కట్టే ముందు భూగర్భ జలాన్ని శుద్ధి చేయాలా?

జీడిమెట్ల వాసి (చర్చ ప్రారంభం)

ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, దాని చుట్టుపక్కలా ఉన్న పాత పారిశ్రామిక వాడల భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునేందుకు వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానం తెచ్చింది. తొమ్మిది వేల ఎకరాలకు పైబడిన ఆ భూముల గురించి నేను చదివిన వాదోపవాదాలు ఎక్కువగా ధర ఎంత, రుసుము ఎంత, లాభం ఎవరికి అన్న ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. రసాయనాలు, మందులు, రంగులు, లోహపు పూతల ఫ్యాక్టరీలు దశాబ్దాల పాటు నడిచిన నేల కింద నీరు ఏ స్థితిలో ఉందన్న మాట మాత్రం అరుదుగా వినిపించింది. అటువంటి స్థలంలో ఇళ్ళకు అనుమతి ఇచ్చే ముందు భూగర్భ జలాన్ని శుద్ధి చేయించడం తప్పనిసరి చేయాలా, లేక ఆ నీటిని ఎవరూ వాడకుండా కట్టడి చేస్తే సరిపోతుందా? మా కాలనీ సంక్షేమ సంఘం దీనిపై వినతిపత్రం సిద్ధం చేస్తోంది కనుక, విషయం తెలిసినవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

నిర్మాణ ఇంజనీరు, కూకట్‌పల్లి

ప్రశ్న సబబైనదే, కానీ పూర్తి శుద్ధి అన్న షరతు పెడితే ఏ స్థలమూ కదలదు. అమెరికాలోని మౌంటెన్ వ్యూలో చిప్ ఫ్యాక్టరీల నుంచి నేలలోకి దిగిన, జిడ్డు వదిలించే ద్రావకమైన ట్రైక్లోరోఎథిలీన్‌ను తొలగించడానికి 1980లలో నీటిని తోడి శుద్ధి చేయడం మొదలుపెట్టారు. దశాబ్దాలు గడిచినా ఆ పని ముగియలేదు, ఆ నేల మీదనే ఇవాళ పెద్ద పెద్ద కార్యాలయాలు నడుస్తున్నాయి. అంత డబ్బు, అంత కఠినమైన చట్టం ఉన్నచోటే ఇలా ఉంటే ఇక్కడ సంగతి చెప్పనక్కరలేదు.

ఎవరూ ముట్టుకోని స్థలం ఏమవుతుందో కూడా చూడాలి. తమిళనాడులోని రాణిపేటలో 1990ల మధ్యలో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ ఆవరణలో లక్షన్నర టన్నులకు పైబడిన క్రోమియం వ్యర్థం ఏళ్ళ తరబడి గుట్టగా పడి ఉండిపోయింది, వాన పడినప్పుడల్లా అందులోంచి పసుపుపచ్చని నీరు కారుతూనే వచ్చింది. అక్కడ కొనేవాడు ఉండి ఉంటే కనీసం ఆ గుట్టనైనా తీయించేవాడు. మన దగ్గర ఫ్లాట్లలో ఉండేవారికి మంజీరా, కృష్ణా, గోదావరి నీరు అందుతుంది. బోర్లను నిషేధించి, సెల్లార్ అడుగున నేలలోని రసాయనాల ఆవిరి పైకి రాకుండా పొర వేసి, ఏటేటా నీటి పరీక్ష చేయిస్తే నివాసితులకు ప్రమాదం ఉండదు. నీటి శుద్ధి ఆ తరువాత మెల్లగా సాగవచ్చు.

భూజల పరిశీలకుడు, హబ్సిగూడ

ఇంజనీరు గారు చెప్పినదానిలో ఒక మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను: తాగునీటి ప్రమాణానికి తెచ్చేవరకు ఇటుక పేర్చకూడదంటే అది ఆచరణలో ఏమీ చేయకపోవడానికే దారి తీస్తుంది. కానీ ఆయన సూచించిన కట్టడి మన నేలలో అనుకున్నట్టు పని చేయదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. పైన కొన్ని మీటర్ల మట్టి, మొరం, దాని కింద బండ, ఆ బండలో అక్కడక్కడ పగుళ్ళు. నీటిని పట్టి ఉంచేది మొరం, దూరానికి చేరవేసేవి పగుళ్ళు. ఆ పగుళ్ళు ఏ దిక్కుకు పోతాయో నేల వాలు చూసి చెప్పలేం. ఇక మందుల కంపెనీల్లో ఎండీసీ అని పిలిచే మిథైలీన్ డైక్లోరైడ్ వంటి ద్రావకాలను తీసుకోండి. లీటరు ఎండీసీ 1.33 కిలోల బరువుంటుంది కనుక నీటి మీద తేలదు, అడుగుకు దిగి పగుళ్ళలో మడుగు కట్టి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. అమెరికా తాగునీటి పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక్క లీటరు ఎండీసీ 26 కోట్ల లీటర్లకు పైగా నీటిని ఆ పరిమితికి చేర్చగలదు. నీటిని ఎంత తోడినా పని ముగియకపోవడానికి కారణం ఇదే. మడుగు ఉన్నంతకాలం, మొరంలోకి ఇంకినది తిరిగి ఊరుతున్నంతకాలం, పంపు ఆపగానే కాలుష్యం మళ్ళీ పెరుగుతుంది.

ఇప్పుడు బోర్ల నిషేధం సంగతికి వద్దాం. మన బోర్లలో కేసింగ్ పైపు మొరం దాటేవరకే దించుతారు, ఆ కింద ఐదారు వందల అడుగులైనా, వెయ్యి అడుగులైనా రంధ్రం వట్టిదే. కేసింగ్ చుట్టూ సందు మూయకపోతే, లేదా పైపు తుప్పు పట్టి చిల్లులు పడితే, పైన ఉన్న కలుషితమైన నీరు నేరుగా లోతు పగుళ్ళలోకి జారిపోతుంది. మోటారు పీకేసి, మూతికి బండ పెట్టి 'బోరు మూసేశాం' అని రాసుకుంటే ఆ దారి తెరిచి ఉన్నట్టే. అడుగు నుంచి పైవరకు బెంటొనైటు (తడిస్తే ఉబ్బే బంకమట్టి), సిమెంటు ముద్దతో నింపితేనే అది మూసిన బోరు. పాత ఫ్యాక్టరీ ఆవరణలో ఎన్ని బోర్లున్నాయో చాలాసార్లు యజమానికే తెలియదు. వాడని బోర్లలోకి వ్యర్థ జలాన్ని వదిలేవారన్న ఆరోపణ పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో ఏనాటి నుంచో ఉంది.

దీనికంటే నన్ను కలవరపెట్టేది సెల్లార్ తవ్వకం. మూడు నాలుగు అంతస్తుల లోతుకు గొయ్యి తీస్తే నీరు ఊరుతుంది, ఆ నీటిని నెలల తరబడి రాత్రింబవళ్ళు మోటార్లతో తోడి వర్షపు నీటి కాలువలోకి వదులుతారు. అంటే ఆ గొయ్యి ఆ ప్రాంతంలోకెల్లా పెద్ద బావి అవుతుంది, చుట్టుపక్కల ఫ్యాక్టరీల కింద కదలకుండా ఉన్న కాలుష్యాన్ని సైతం తన వైపు లాగుతుంది, తోడినదంతా శుద్ధి లేకుండా నాలాలో కలుస్తుంది. కట్టడం పూర్తయ్యాక నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం స్ఫూర్తితో ఇంకుడు గుంతలు తవ్వుతారు. మరెక్కడైనా అది పుణ్యకార్యమే, కానీ క్రోమియమో సీసమో పట్టిన మొరంలోంచి వాన నీటిని ఇంకిస్తే ఆ విషాన్ని మనమే కిందికి కడుగుతున్నట్టవుతుంది. ఇలాంటి స్థలానికి ఇంకుడు గుంత నుంచి మినహాయింపు ఇవ్వాలి.

ఏటేటా పరీక్ష అన్నారు. అపార్ట్‌మెంట్లవారు సాధారణంగా చేయించే పరీక్షలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం, ఫ్లోరైడు చూస్తారు, ద్రావకాలు అందులో ఉండవు. వాటిని పట్టాలంటే 40 మిల్లీలీటర్ల గాజు సీసాను గాలి బుడగ మిగలకుండా అంచు దాకా నింపి, తలకిందులు చేసి వేలితో తట్టి, బుడగ లేదని నిర్ధారించుకుని మంచులో పెట్టి ప్రయోగశాలకు చేర్చాలి. అంతకుముందు బోరులో నిలిచి ఉన్న పాత నీటిని తోడి పారబోయాలి. సగం నింపిన ప్లాస్టిక్ సీసాలో ఎండ వేళ తీసుకెళ్ళిన నమూనాలో ద్రావకం ఆవిరైపోతుంది, నీరు బాగుందని కాగితం వస్తుంది. ఆ కాగితాన్ని నమ్మి ఫ్లాటు కొనేవారిని తలుచుకుంటే బాధ కలుగుతుంది.

నక్కవాగు పక్క ఊరివాణ్ణి

ఇంజనీరు గారూ, నివాసితులకు ప్రమాదం ఉండదన్నారు. మేము ఆ ఆవరణలో నివాసితులం కాము. నీరు మాత్రం ప్రహరీ గోడ దగ్గర ఆగదు. మా పొలంలోని బోరు నీటితో నారు పోస్తే ఆకులు కొసల నుంచి మాడిపోవడం, బిందెలో పట్టి ఉంచిన నీటి మీద తెల్లవారేసరికి రంగుల పొర తేలడం నేను చిన్నతనంలో చూశాను. మా నీటిని చెడగొట్టినవారు మాకు దిగువన ఉన్నవారు కారు, మాకు కనిపించే దూరంలో ఉన్నవారు కూడా కారు.

పటాన్‌చెరు కాలుష్యంపై సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. అది హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు మారి, తీర్పు వచ్చేసరికి 2017 అయింది. ఈలోగా పరిసర గ్రామాల బావి నీళ్ళలో మందుల అవశేషాలు ఉన్నాయని 2009లో అంతర్జాతీయ పరిశోధన ప్రచురితమైంది, అదే ఏడాది కేంద్రం విడుదల చేసిన కాలుష్య సూచికలో పటాన్‌చెరు–బొల్లారం తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల వరుసలో చేరింది. ఇళ్ళు కట్టాక నీటి శుద్ధి మెల్లగా సాగవచ్చని మీరు అంటున్నారు. ఆ మెల్లగా అన్న మాటకు మా ఊళ్ళో అర్థం ఒక తరం.

నిర్మాణ ఇంజనీరు, కూకట్‌పల్లి

సెల్లార్ నీటి విషయంలోనూ, బోర్లను అడుగు నుంచి నింపాలన్న విషయంలోనూ నాకు అభ్యంతరం లేదు. ఆ రెండూ అనుమతి పత్రంలోనే షరతులుగా ఉండదగినవి. కానీ ఖర్చు ఎవరిదో తేల్చకుండా శుద్ధి గురించి మాట్లాడటం వల్ల ప్రయోజనం లేదు. రాజస్థాన్‌లోని బిఛ్‌డీ గ్రామంలో రంగుల తయారీలో వాడే హెచ్-ఆసిడ్ అనే రసాయనం తయారీ వ్యర్థాల వల్ల బావుల నీళ్ళు ఎర్రబారిన కేసులో, చెడగొట్టినవాడే చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో స్పష్టంగా చెప్పింది. రూ. 37 కోట్ల పైచిలుకు శుద్ధి ఖర్చు వడ్డీతో కట్టమని 2011లో మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. ఇక్కడ చాలా స్థలాలు రెండు మూడు చేతులు మారి ఉంటాయి, మొదటి కంపెనీ లేనే లేకపోవచ్చు. అప్పుడు భారం బిల్డరు మీద, అతని నుంచి ఫ్లాటు కొనే మధ్యతరగతి మనిషి మీద పడుతుంది.

భూజల పరిశీలకుడు, హబ్సిగూడ

ఖర్చు ప్రశ్నకు కొంత సమాధానం ఇప్పటికే చట్టంలో ఉంది. కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో నియమావళి తెచ్చింది. అనుమానిత స్థలాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదించాలి, 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆపైన వివరమైన సర్వే జరగాలి, బాధ్యులను గుర్తించి ఖర్చు వారిచేత పెట్టించాలి, వారు దొరకనప్పుడు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. భూ వినియోగం మార్చినందుకు ప్రభుత్వం ఎలాగూ రుసుము వసూలు చేస్తుంది. ఆ స్థలం తాలూకు రుసుములో ఒక భాగాన్ని ఆ స్థలం నీటికే కేటాయిస్తే ఫ్లాటు కొనేవారి మీద కొత్తగా పడే భారం తక్కువ. భూమి విలువ ఒక్కసారిగా పెరిగే ఆ సమయంలో తప్ప మరెప్పుడూ ఈ పనికి డబ్బు దొరకదని నా గట్టి నమ్మకం. రిజిస్ట్రేషన్లు పూర్తయి ఫ్లాట్లు చేతులు మారిన తరువాత ఎవరిని అడుగుతాం?

నేను కోరేది పూర్తి శుద్ధి కాదు. మడుగులను, విషం పట్టిన మట్టిని, పాతిపెట్టిన డ్రమ్ములను ముందు తీయాలి. లోహపు పూతల ఫ్యాక్టరీల కింద ఉండే, క్రోమియంలో విషపూరితమైన రూపమైన హెక్సావలెంట్ క్రోమియాన్ని, ఫెర్రస్ సల్ఫేటు వంటి చౌక పదార్థాలతో నేలలోనే నీటిలో అంతగా కరగని ట్రైవలెంట్ రూపానికి మార్చవచ్చు, దానికి దశాబ్దాలు అక్కరలేదు. ఆ తరువాత నీరు బయటికి పోయే అంచున బావులు వేసి, ప్రహరీ దాటి పోకుండా తోడుతూ, తోడినదాన్ని శుద్ధి చేయాలి. రెండు వర్షాకాలాల పాటు ఆ అంచు బావుల్లో కాలుష్యం తగ్గుముఖం పట్టిందని తేలాకనే సెల్లార్ తవ్వకానికి అనుమతి ఇవ్వాలి. లోపల నీరు ఇంకా చెడ్డగానే ఉండవచ్చు, బయటికి పోకపోవడమే షరతు.

నిర్మాణ ఇంజనీరు, కూకట్‌పల్లి

రెండు వర్షాకాలాలు అంటే అప్పు తెచ్చి భూమి కొన్నవాడికి రెండేళ్ళ వడ్డీ. మూలాన్ని తీసివేయడం, బోర్లు నింపడం, అంచు బావులు, ఇంకుడు గుంతల మినహాయింపు నాకు సమ్మతమే. వేచి ఉండటం మాత్రం సమ్మతం కాదు. సెల్లార్ లేకుండా పార్కింగును నేల మీదనే కట్టుకునేవారికి ఆ గడువు అక్కరలేదని చేర్చండి.

భూజల పరిశీలకుడు, హబ్సిగూడ

సెల్లార్ తవ్వకపోతే నీటిని తోడే అవసరమే రాదు కనుక, మిగిలిన షరతులన్నీ పాటిస్తే ఆ మినహాయింపు న్యాయమే. సెల్లార్ తవ్వే ప్రతి స్థలానికి గడువు ఉండి తీరాలి.

జీడిమెట్ల వాసి

ఇద్దరికీ, నక్కవాగు మిత్రునికీ కృతజ్ఞతలు. గడువు విషయంలో భిన్నాభిప్రాయం ఉన్నట్టే వినతిపత్రంలో రాస్తాము, మా సంఘం మాత్రం గడువు ఉండాలనే కోరుతుంది. అంచు బావుల పరీక్ష ఫలితాలను ఆ స్థలం కొనేవారికే కాక దిగువ గ్రామాల పంచాయతీలకూ ప్రతి ఆరు నెలలకు పంపాలన్న షరతు కూడా చేరుస్తున్నాము. పటాన్‌చెరు వైపు ఏయే పంచాయతీల పేర్లు రాయాలో నక్కవాగు మిత్రులు చెబితే ముసాయిదాలో చేరుస్తాను.