సముద్రంలో గాలిమరలు పెడితే చేప పోతుందా, చేరుతుందా?

మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గర పల్లె. ఇంట్లో ఇంకా వేట మీదే బతుకు. గుజరాత్, తమిళనాడు సముద్రంలో గాలిమరలు పెడతారని విన్నప్పటి నుంచి నాన్నకు ఒకటే టెన్షన్, రేపు మన దాకా వస్తే ఏంటని.

నేను కొంత చదివాను. డెన్మార్క్‌లో 1991లోనే 11 మరలతో విండెబీ అనే సముద్రపు గాలిమరల కరెంటు కేంద్రం మొదలైంది. స్తంభాలు అడుగులోకి దిగ్గొట్టే చప్పుడుకు డాల్ఫిన్ లాంటి పార్పాయిస్‌లు కిలోమీటర్ల దూరం పారిపోతాయి. అందుకే జర్మనీలో చప్పుడు తగ్గేలా చుట్టూ నీళ్లలో గాలిబుడగల తెర వేస్తారు. తర్వాత అదే స్తంభానికి ఆలిచిప్పలు పట్టి చేపలు చేరతాయి. ఈ మాట నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. మునిగిన పడవ దగ్గరే చేప ఉంటుంది, వల చినిగేదీ అక్కడే అంటాడు. పోయినేడు అలా చినిగిన వల ఇంకా వసారాలోనే పడుంది.

కానీ అవన్నీ చల్లటి సముద్రాలు కదా. మన కవళ్లు, వంజరం సంగతేంటి? రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి మా ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు ఆ చప్పుడు, ఒడ్డు దాకా వేసే కరెంటు కేబుల్ ఏం చేస్తాయి? ఐరోపాలో మరల మధ్యకు చిన్న పడవల్ని వేటకు రానిస్తారా? అక్కడ పనిచేసినవాళ్లు, సముద్ర జీవుల గురించి చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కంపెనీల బ్రోచర్లు మాత్రం వద్దండీ, అవి చూశాను.