అన్నయ్యకు రెండోసారి డెంగీ. ఒకసారి వస్తే ఇమ్యూనిటీ రాదా?

ఖమ్మం కుర్రాడు:
మా అన్నయ్యకు మూడేళ్ళ కిందట డెంగీ వచ్చి తగ్గింది. ఇప్పుడు మళ్ళీ జ్వరం, రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్ ఉందేమో చూసే ఎన్‌ఎస్‌1 పరీక్ష పాజిటివ్. ఒకసారి వచ్చి పోయింది కాబట్టి ఈసారి తేలిగ్గా పోతుందని అమ్మ అంటోంది. డాక్టరు గారేమో రెండోసారి కాబట్టే ఇంకా జాగ్రత్తగా ఉండాలన్నారు. ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ రాదు కదా, దీనికెందుకు ఇలా? ఇంట్లో మిగతావాళ్ళకు టీకా ఏమైనా ఉందా?

బెజవాడ సుజాత:
తమ్ముడూ, ముందు జ్వరం తగ్గే రోజున జాగ్రత్త. మావారికి జ్వరం దిగింది, ఆస్పత్రివాళ్ళు ఇంక ఫర్వాలేదని ఇంటికి పంపించేశారు, హమ్మయ్య అనుకుని ఇడ్లీ పెట్టాను. సాయంత్రానికి కడుపులో ఒకటే నొప్పి, వాంతులు, చేతులు పట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి. బీపీ పడిపోయి ఐసీయూ దాకా వెళ్ళాం. జ్వరం లేకపోతే జబ్బు పోయినట్టేనని ఎలా పంపించేశారో, ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

రైతుబిడ్డ:
బొప్పాయి ఆకు రసం పట్టించండి. మా బామ్మర్దికి ప్లేట్‌లెట్లు 28 వేలకు పడిపోతే పొద్దునా సాయంత్రం రసం పోశాం, చూస్తుండగానే లక్ష దాటాయి.

ల్యాబ్ రవి:
మళ్ళీ వచ్చింది బొప్పాయి. నేను ఏళ్ళ తరబడి ల్యాబులో కౌంట్లు చూస్తున్నా, ఈ జిల్లాలో డెంగీ రిపోర్టు నా అంత చూసినవాళ్ళు తక్కువ. జ్వరం తగ్గాక కొద్ది రోజులకు రసం తాగినవాళ్ళకూ పెరుగుతాయి, తాగనివాళ్ళకూ పెరుగుతాయి. వైరస్ వల్ల ఎముక మజ్జలో తయారీ తగ్గుతుంది, పైగా ఒంట్లో తయారైన యాంటీబాడీలే కొన్ని ప్లేట్‌లెట్లకు అతుక్కుని వాటిని చంపుతాయి. ఆ దాడి ఆగితే కౌంట్ దానంతట అదే లేస్తుంది.

రైతుబిడ్డ:
మీరు గాజు గొట్టాలు చూశారు, మేం మంచం మీద మనిషిని చూశాం. ఆకు ఊరికే దొరుకుతుంది కాబట్టే మీకు కంటగింపు. ప్లేట్‌లెట్లు ఎక్కించాలని వేలకు వేలు గుంజేది మీ ఆస్పత్రులవాళ్ళు కాదా?

ల్యాబ్ రవి:
ఆస్పత్రులతో నాకేం పని? ఎక్కించడం కూడా చాలామందికి దండగే. రక్తస్రావం లేని పెద్దవాళ్ళకు 20 వేలకు పడినా ముందుజాగ్రత్తగా ఎక్కిస్తే లాభం లేదని సింగపూర్, మలేషియాల్లో చేసిన ట్రయల్ 2017లో తేల్చింది. మీ ఆకుతో కౌంట్ కాస్త తొందరగా పెరిగిందని కొన్ని చిన్న ట్రయల్స్ ఉన్నాయి, కాదనను. ప్రాణం తీసేది కౌంట్ కాదయ్యా, రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, కారిపోవడం. దాన్ని ఏ ఆకు ఆపింది?

మైక్రో పీజీ:
మీ ఇద్దరి గొడవలో అడిగినతని ప్రశ్న గాలికి పోయింది. డెంగీలో నాలుగు రకాల వైరస్‌లు ఉన్నాయి. ఒకటో రకం వస్తే దాని మీద జీవితాంతం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి మీద కొన్ని నెలలే, మహా అయితే రెండేళ్ళు. ఆ తర్వాత రెండో రకం వచ్చిందనుకోండి, పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. యాంటీబాడీ తోకను పట్టుకుని లోపలికి లాక్కునే గ్రాహకాలు మాక్రోఫేజ్‌లనే రక్షక కణాల మీద ఉంటాయి. అలా వైరస్‌ను ఆ కణమే లోపలికి తెచ్చుకుంటుంది, అది అక్కడే పెరుగుతుంది. ఆపైన వాపు పుట్టించే సైటోకైన్లనే రసాయనాలు ఉప్పెనలా వస్తాయి, ఎన్‌ఎస్‌1 ప్రొటీన్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, ప్లాస్మా బయటికి కారుతుంది. క్యూబాలో 1977లో ఒకటో రకం, 1981లో రెండో రకం వచ్చాయి. ఆ 1981లోనే 158 మంది పోయారు, అందులో 101 మంది పిల్లలు. మళ్ళీ 1997లో అక్కడి సాంటియాగో నగరంలో రెండో రకం వస్తే తీవ్రమైన కేసులు దాదాపు అన్నీ పెద్దవాళ్ళవే, అంటే ఇరవై ఏళ్ళ నాటి యాంటీబాడీలు కూడా ఆ పని చేశాయి. రెండోసారి వచ్చిన ప్రతివాళ్ళకూ ఇలా అవదు, ఎక్కువమంది మామూలుగానే కోలుకుంటారు.

గుంటూరు అమ్మ:
మా పాపకు ఎనిమిదో నెల, ఇంతవరకు డెంగీ రాలేదు. దానికి భయం లేనట్టేనా?

మైక్రో పీజీ:
అలా అనుకోకండమ్మా, అది వేరే లెక్క. మీకు గతంలో వచ్చి ఉంటే మీ యాంటీబాడీలు కడుపులోనే పాపకు చేరతాయి. మొదట్లో అవి కాపాడతాయి, ఆరు నెలలు దాటాక పలచబడి అదే ముప్పు తెస్తాయి. పగలు పడుకున్నా దోమతెర కట్టండి.

మనీలా మెడికో:
నేను ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్నా, ఇక్కడ టీకా అంటేనే జనం ఉలిక్కిపడతారు. 2016లో మొదలుపెట్టి 8 లక్షలకు పైగా బడిపిల్లలకు డెంగ్వాక్సియా అనే డెంగీ టీకా వేశారు. అంతకుముందు డెంగీ రానివాళ్ళలో ఆ టీకాయే తొలి ఇన్‌ఫెక్షన్‌లా పనిచేసి, తర్వాత అసలు వైరస్ సోకినప్పుడు జబ్బు ముదిరే ప్రమాదం ఉందని 2017 నవంబరులో కంపెనీయే చెప్పింది. కార్యక్రమం ఆపేశారు.

రైతుబిడ్డ:
అందుకే నేను టీకాలే వద్దంటా.

మైక్రో పీజీ:
ఆమె చెప్పింది ఒక టీకా గురించి, మీరు అన్నిటికీ అంటగట్టకండి! దీని మూలంగా అక్కడ తట్టు టీకా మీద కూడా నమ్మకం సడలింది, ఆ తర్వాత తట్టు విజృంభించి పిల్లలు చనిపోయారు. మన దగ్గర డెంగీఆల్ అనే ఒకే డోసు టీకాకు 2024 ఆగస్టులో మూడో దశ ట్రయల్ మొదలైంది, నాలుగు రకాల మీదా పనిచేయాలని తయారుచేసింది.

ఖమ్మం కుర్రాడు:
అన్నయ్యకు పొద్దున జ్వరం తగ్గింది. ప్లేట్‌లెట్లు 62 వేలు, పెద్దగా పడలేదు కదా? ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ అంటున్నారు, అంటే డెంగీ కాదా?

ల్యాబ్ రవి:
డెంగీయే. రెండోసారి అయితే ఐజీఎం తక్కువగా ఉండొచ్చు, పాత ఇన్‌ఫెక్షన్‌ను గుర్తుంచుకున్న ఐజీజీ యాంటీబాడీ తొందరగా ఎగబాకుతుంది. ప్లేట్‌లెట్లు సరే, పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఎంత? నిన్నటిది కూడా పెట్టు.

ఖమ్మం కుర్రాడు:
నిన్న 41, ఈ రోజు 47. కొంచెం కడుపునొప్పి అంటున్నాడు.

ల్యాబ్ రవి:
పీసీవీ పెరిగిందంటే ప్లాస్మా కారిపోయి రక్తం చిక్కబడుతోందని. ఆ పెరుగుదల 20 శాతం దాటేదాకా ఆగకు, కడుపునొప్పి కూడా ఉందిగా. నొప్పికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్ లాంటివి అసలొద్దు.

బెజవాడ సుజాత:
తమ్ముడూ, ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే ఆస్పత్రికి బయలుదేరు. జ్వరం లేదని వాళ్ళు వెనక్కి పంపితే ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళు. నిన్నటి రిపోర్టు కూడా చేతిలో ఉంచుకో.