14 నెలల బాబుకు వరిబీజం: ఆగాలా, ఆపరేషన్ చేయించాలా?

మా బాబుకు పుట్టినప్పటి నుంచి కుడివైపు వృషణాల సంచి ఉబ్బుగానే ఉంది. పొద్దున నిద్ర లేచేసరికి మెత్తగా, చిన్నగా కనిపిస్తుంది. రోజంతా ఆడి సాయంత్రమయ్యేసరికి బిగుసుకుంటుంది. ముట్టుకున్నా ఏడవడు. పిల్లల డాక్టరు గదిలో లైటు ఆర్పి టార్చి పెట్టి చూస్తే ఎర్రగా వెలిగింది. నీరే, వరిబీజం అన్నారు. చాలామందికి 2 ఏళ్లలోపు దానంతట అదే తగ్గుతుందట, లేకపోతే గజ్జల్లో చిన్న కోతతో ఆపరేషనట. గట్టిపడి, నొప్పితో వాంతులైతే పేగు కిందికి జారి (హెర్నియా) ఇరుక్కుని ఉండవచ్చు, క్షణం ఆగవద్దన్నారు.

అత్తగారేమో పసరు కట్టు కట్టిద్దామంటున్నారు. ఆ పని మాత్రం నేను చేయనివ్వను.

ఇలా పూటపూటకూ మారే వాపు ఆపరేషన్ లేకుండా తగ్గిన పిల్లలు మీ ఇళ్లలో ఉన్నారా? ఆపరేషన్ చేయించినవారు, మత్తు దిగాక బిడ్డ ఎలా ఉన్నాడో, ఇంటికి ఎప్పుడు పంపారో దయచేసి చెప్పండి.