స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్న క్లోజ్ అయితే ఏం చేయాలి? పిల్లలకు ఏం చెప్పాలి?

ప్రశ్న (ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్, కర్నూలు):

అందరికీ నమస్కారం. మా మూడో ఏడాది సీఎస్ఈ పిల్లలకు ఈ సెమిస్టర్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో (ప్రోగ్రామింగ్ సందేహాలు అడిగి, జవాబులు ఇచ్చుకునే వెబ్‌సైటు) ప్రశ్న అడగడం నేర్పిద్దామనుకుంటున్నాను. అక్కడి జవాబులు చదవడం అందరికీ అలవాటే, అడగమంటే మాత్రం జంకుతున్నారు. "క్లోజ్ చేసేస్తారంట మేడమ్, మైనస్‌లు వేస్తారంట" అని సీనియర్లు చెప్పిన మాట పట్టుకుని కూర్చున్నారు. క్లోజ్ చేసేది ఎవరు, ఏ లెక్కన చేస్తారు? క్లోజ్ అయ్యాక ఏం చేయాలి? ఆ నిర్ణయం తప్పనిపిస్తే ఎక్కడ చెప్పుకోవాలి? అక్కడ రివ్యూలు చేసే అలవాటున్నవాళ్లు ఎవరైనా వివరంగా చెబితే క్లాసులో చెప్పుకుంటాను.

జవాబు (రివ్యూలు చేసే సభ్యుడు, హైదరాబాద్):

మేడమ్, మీరు ఈ పని తలపెట్టినందుకు చాలా సంతోషం. క్లోజ్ చేసేది ఎక్కువగా కంపెనీ ఉద్యోగులో, మోడరేటర్లో అని పిల్లలు అనుకుంటారు. కాదు. 3000 రెప్యుటేషన్ (ఓట్ల వల్ల వచ్చే పాయింట్లు) దాటిన మామూలు సభ్యులు ముగ్గురు ఓటేస్తే ప్రశ్న క్లోజ్ అవుతుంది, అంటే దానికి కొత్త జవాబులు రాయడానికి వీలుండదు. 2019 దాకా ఐదుగురు కావాల్సి వచ్చేది. ఒక ట్యాగ్‌లో (ప్రశ్న ఏ విషయం గురించో చెప్పే గుర్తు, ఉదాహరణకు జావా) గోల్డ్ బ్యాడ్జ్ (ఆ విషయంలో చాలా మంచి జవాబులిచ్చినందుకు వచ్చే గుర్తింపు) ఉన్న సభ్యుడైతే ఆ ట్యాగ్ ప్రశ్నను డూప్లికేట్ అని ఒక్కడే క్లోజ్ చేయగలడు. పేరు పక్కన డైమండ్ గుర్తుండేవాళ్లు మోడరేటర్లు. వాళ్లను సభ్యులే ఎన్నికల్లో ఎన్నుకుంటారు. వాళ్లూ ఒక్క ఓటుతో క్లోజ్ చేయగలరు, కానీ వాళ్ల పొద్దంతా ఫ్లాగులు (సభ్యులు పంపే ఫిర్యాదులు), దొంగ అకౌంట్లు, కామెంట్లలో తగాదాలు తీర్చడంతోనే సరిపోతుంది. వీళ్లెవరికీ జీతం లేదు.

కారణాలు కొన్నే ఉన్నాయి. ఇంతకుముందే ఎవరో అడిగేశారు (డూప్లికేట్), వివరాలు చాలవు, ఒకే పోస్టులో నాలుగు ప్రశ్నలున్నాయి, జవాబు అభిప్రాయాల మీద ఆధారపడుతుంది, లేదా సైటు పరిధిలోకి రాదు. "జావా నేర్చుకోవడానికి మంచి పుస్తకం చెప్పండి" అన్నది ఈ చివరి రకం. మీ పిల్లలకు ఎదురయ్యేవి ముఖ్యంగా మొదటి రెండూ, కాబట్టి వాటి మీదే సమయం పెట్టండి.

జావాలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌నే (నల్, అంటే ఏమీ పెట్టని ఖాళీ వేరియబుల్‌ను వాడబోతే వచ్చే ఎర్రర్) తీసుకోండి. అదంటే ఏమిటి, ఎలా సరిచేసుకోవాలి అన్న ప్రశ్న అక్కడ ఏళ్ల కిందటే ఉంది, దాని కింద మంచి జవాబులున్నాయి. "నా ప్రోగ్రామ్‌లో నల్ పాయింటర్ వస్తోంది, సాయం చేయండి" అని కొత్తగా అడిగితే నిమిషాల్లో ఆ పాత ప్రశ్నకు డూప్లికేట్ చేస్తారు. పిల్లవాడికి తలుపు మొహాన వేసినట్టుంటుంది. నిజానికి అతని చేతిలో జవాబు పెట్టారు. ఆ లింకు తెరిచి చదివాడా లేదా అన్నదే తేడా. స్ట్రింగ్ అర్రేను ఐదు గడులతో సృష్టిస్తే ఆ ఐదింటిలోనూ నల్ ఉంటుంది. వాటిలో ఏమీ పెట్టకుండా మొదటి గడి మీద లెంగ్త్ పిలిస్తే ఎర్రర్ వస్తుంది. ఇది ఆ పాత జవాబులు చదివి తన కోడ్‌తో పోల్చి చూసుకుంటే తెలిసిపోయే సంగతి. (ఒక చిన్న మాట: జావా 15 నుంచి ఏ వేరియబుల్ నల్ అయిందో ఎర్రర్ మెసేజ్‌లోనే చెబుతుంది. మీ ల్యాబులో ఇంకా జావా 8 ఉంటే మార్పించండి, సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.)

చదివినా తీరలేదనుకోండి, అప్పుడు అది నిజంగా వేరే ప్రశ్న. ఎలా వేరో ఎడిట్ చేసి రాయాలి: "ఆ జవాబులో చెప్పినట్టు చూశాను, ఫలానా లైనులో ఫలానా వేరియబుల్ నల్ అవుతోంది, కానీ అంతకు రెండు లైన్ల ముందే దానికి విలువ ఇచ్చాను, ఇదిగో కోడ్." ఇలా రాస్తే రివ్యూ చేసేవాడికి రీఓపెన్ (తిరిగి తెరిచే) ఓటు వేయడానికి కారణం దొరుకుతుంది. రీఓపెన్‌కూ ముగ్గురు కావాలి.

ఇక వివరాలు చాలవన్నది. ఇక్కడ మనవాళ్లు చేసే పని రెండు రకాలు. ప్రాజెక్టు కోడ్ మొత్తం, మూడు వందల లైన్లు, తెచ్చి పోస్టులో కుమ్మరిస్తారు. లేదా కోడే పెట్టకుండా "పనిచేయట్లేదు" అంటారు. నొప్పి ఎక్కడో చెప్పకుండా డాక్టరును మందు రాయమన్నట్టు. కావాల్సింది ఆ రెండూ కాదు. ఎవరైనా తన కంప్యూటర్‌లో కాపీ చేసి నడిపితే అదే ఎర్రర్ వచ్చే అతి చిన్న ప్రోగ్రామ్ కావాలి. దాని కింద ఇచ్చిన ఇన్‌పుట్, రావాల్సిన ఫలితం, వచ్చిన ఫలితం, ఎర్రర్ మెసేజ్ మక్కీకి మక్కీ. మూడు వందల లైన్లను పదిహేనుకు తగ్గించే క్రమంలోనే తప్పు కళ్లబడి, పోస్ట్ చేయకుండానే ట్యాబ్ మూసేసిన పిల్లల్ని నేను చూశాను. ఈ ఒక్క పని వస్తే చాలు, మీ ల్యాబు సార్థకం.

గడువు సంగతి తప్పకుండా చెప్పండి. డూప్లికేట్ కాకుండా మిగతా కారణాలతో క్లోజ్ అయిన ప్రశ్నకు స్కోరు (ప్లస్ ఓట్లలోంచి మైనస్‌లు తీసేస్తే మిగిలేది) సున్నా గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండి, మంచి జవాబేదీ లేకపోతే, తొమ్మిది రోజుల తర్వాత సిస్టమే డిలీట్ చేస్తుంది. బాధపడుతూ రెండు వారాలు ఆ పేజీ వైపు చూడకపోతే సరిచేసుకునే అవకాశం పోతుంది. క్లోజ్ అయిన రోజే ఎడిట్ చేయడం మంచిది. ఎడిట్ సేవ్ చేసేటప్పుడు రివ్యూకు పంపమనే వీలుంటుంది, దాన్ని ఎంచుకుంటే రీఓపెన్ క్యూలోకి (తిరిగి తెరవాలా అని రివ్యూవర్లు చూసే వరసలోకి) వెళ్తుంది. చిన్న కామా మార్చి పంపితే మాత్రం లాభం లేదు, అవకాశం వృథా అవుతుంది.

నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. కారణం ఎంచుకుని ఓటేసి ఒక్క వాక్యం రాయకుండా వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. కొత్తవాళ్లను సరిగా ఆదరించడం లేదని 2018 ఏప్రిల్‌లో కంపెనీయే బ్లాగులో బహిరంగంగా ఒప్పుకుంది, ఆ ఏడాదే ప్రవర్తనా నియమావళిని తిరగరాసింది. 2024లో స్టేజింగ్ గ్రౌండ్ అని ఒకటి తెచ్చారు. అందులో కొత్తవాళ్ల ప్రశ్న అందరికీ కనిపించకముందే రివ్యూవర్లు చూసి ఏం సరిచేయాలో చెబుతారు, అక్కడ మైనస్ ఓట్లుండవు. మీ విద్యార్థికి ఆ దారి కనిపిస్తే తప్పక ఉపయోగించుకోమనండి.

విద్యార్థి (బీటెక్ మూడో ఏడాది):

అన్నా, మైనస్‌లు పడితే అకౌంట్ పాడవుతుందా? అలాంటప్పుడు ఆ ప్రశ్న డిలీట్ చేసి మళ్లీ కొత్తగా వేస్తే మంచిది కదా?

జవాబు (రివ్యూలు చేసే సభ్యుడు):

మైనస్ ఓటుకు పోయేది 2 పాయింట్లు, ప్లస్ ఓటుకు వచ్చేది 10. అంటే ఒక్క ప్లస్ ఐదు మైనస్‌లను పూడుస్తుంది. పైగా రెప్యుటేషన్ 1 కన్నా కిందికి ఎప్పటికీ పోదు తమ్ముడూ, అందరూ మొదలుపెట్టేది ఆ ఒకటి దగ్గరే. పాయింట్ల గురించి నిద్ర మానుకోకు.

డిలీట్ చేసి మళ్లీ వేయడం మాత్రం అసలు చేయొద్దు. మైనస్‌లు పడ్డ ప్రశ్నలు, క్లోజ్ అయినవి పేరుకుపోతే సిస్టమ్ తనంతట తానే కొత్త ప్రశ్నలు అడగనివ్వకుండా ఆపేస్తుంది. ఆ లెక్కలో డిలీట్ చేసినవి కూడా ఉంటాయి. సూత్రం ఏమిటో బయట పెట్టరు. బయటపడే మార్గం ఒక్కటే: పాతవాటినే ఎడిట్ చేసి బాగుచేయడం. డిలీట్ చేసేస్తే బాగుచేసుకోవడానికి చేతిలో ఏమీ మిగలదు. రెండో అకౌంట్ తెరిచి అడిగితే ఇంకా పెద్ద చిక్కు.

లెక్చరర్:

చాలా ఉపయోగంగా ఉందండి. ఒక ఆలోచన. పిల్లలకు ధైర్యం రావడానికి క్లాసులో ఒకరి ప్రశ్నకు ఒకరు అప్‌వోట్ వేసుకోమందామా? ఎన్ని ఓట్లొస్తే అన్ని ఇంటర్నల్ మార్కులు ఇవ్వొచ్చు కూడా.

జవాబు (రివ్యూలు చేసే సభ్యుడు):

వద్దు మేడమ్, దయచేసి వద్దు. ఒకే మనిషికి వరసగా పడే ఓట్లను రోజూ నడిచే స్క్రిప్ట్ పట్టుకుని వెనక్కి తీసేస్తుంది. గుంపుగా ఒకరికొకరు వేసుకుంటున్నారని మోడరేటర్లకు తేలితే అకౌంట్లు సస్పెండ్ చేస్తారు. ల్యాబులో అందరూ ఒకే నెట్ వాడుతుంటే దొంగ అకౌంట్లన్న అనుమానం కూడా వస్తుంది. మీరు మంచి మనసుతో చేయించినా శిక్ష పడేది పిల్లలకు.

మార్కులివ్వాలంటే పోస్ట్ చేయకముందు వాళ్లు తయారుచేసిన డ్రాఫ్టుకు ఇవ్వండి. చిన్న ప్రోగ్రామ్ ఉందా, పాత ప్రశ్నలు వెతికాడా, టైటిల్ చదివితే సమస్య అర్థమవుతోందా. క్లాసులో పక్కవాడి కంప్యూటర్‌లో ఆ కోడ్ నడిపించి చూడండి. అదే ఎర్రర్ వస్తే ఆ డ్రాఫ్టు పాసైనట్టే. నిజంగా తీరని సందేహం ఉన్నవాళ్లు మాత్రమే పోస్ట్ చేయాలి. అందరూ ఒకే అసైన్‌మెంట్ ప్రశ్నను ఒకే మధ్యాహ్నం వేస్తే అక్కడివాళ్ల పని పెరుగుతుంది, మీ కాలేజీ పిల్లల ప్రశ్నలన్నీ ఒకదానికొకటి డూప్లికేట్లవుతాయి.

మరో సభ్యురాలు (టెక్సస్):

రెండు మాటలు కలుపుతాను. ఇంగ్లీషు బాగా రాదని ఆగొద్దు. పోర్చుగీస్, స్పానిష్, రష్యన్, జపనీస్ భాషల్లో వేరే సైట్లున్నాయి, తెలుగులో లేదు, కాబట్టి ఇంగ్లీషే రాయాలి. కానీ తప్పుల ఇంగ్లీషుకు ఎవరూ క్లోజ్ చేయరు, వేరేవాళ్లు ఎడిట్ చేసి సరిచేస్తారు. "డియర్ సర్", "అర్జెంట్", చివర్లో థాంక్యూలు తీసేస్తారు. అది అవమానం కాదమ్మా, అక్కడి పద్ధతి. ఎడిట్‌లో అర్థమే మారిపోతే మీరు వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇక చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబు తెచ్చి అక్కడ అంటించడం 2022 డిసెంబర్ నుంచి నిషేధం. ఈ విషయంలో పెద్ద రగడే జరిగింది. ఏఐతో రాసినవని అనుమానం ఉన్న జవాబులను తీసేసే మోడరేటర్ల అధికారాన్ని కంపెనీ కట్టడి చేసిందని 2023 జూన్ 5న చాలామంది మోడరేటర్లు పని ఆపేశారు, ఆగస్టులో ఒప్పందం కుదిరాకే తిరిగొచ్చారు. అందుకని పిల్లలు సాయం చేద్దామనుకుని అలాంటి జవాబులు పెట్టకూడదు.

లెక్చరర్:

సరేనండి, మార్కుల ఆలోచన మానుకుంటాను. క్లోజ్ చేయడమే తప్పు అనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలో మిగిలింది.

జవాబు (రివ్యూలు చేసే సభ్యుడు):

ముందు ఎడిట్, రివ్యూ. అది అయ్యాక కూడా తెరవకపోతే మెటా స్టాక్ ఓవర్‌ఫ్లో. సైటు గురించి ప్రశ్నలు, ఫిర్యాదులు, కొత్త సదుపాయాల కోరికలు అన్నీ అక్కడే. ఓటేసినవాళ్లను వేరే పోస్టుల కామెంట్లలో వెంటాడొద్దు. మైనస్ ఓటు ఎవరేశారో మోడరేటర్లకు కూడా కనిపించదు, కాబట్టి "ఎవరేశారు, ధైర్యముంటే చెప్పండి" అని అడిగి లాభం లేదు.

మెటాలో ఎలా రాస్తారన్న దాని మీదే ఫలితం ఉంటుంది. "నా మీద కక్ష కట్టారు" అని మొదలుపెడితే చదివేవాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఇలా రాయమనండి: "ఈ ప్రశ్నను ఫలానాదానికి డూప్లికేట్ అన్నారు. అక్కడ చెప్పింది చేసి చూశాను, వచ్చిన ఫలితం ఇది. నా సమస్య రెండు థ్రెడ్లు ఒకేసారి నడిచినప్పుడే వస్తోంది. తిరిగి తెరవడానికి ఇంకేమైనా చేర్చాలా?" ఇలాంటి పోస్టు చూసి అక్కడికక్కడే రీఓపెన్ ఓట్లు పడడం మామూలే. ఒక్కోసారి క్లోజ్ చేసినవారే వచ్చి తెరుస్తారు.

మెటాలో మైనస్‌లు చూసి బెదరకూడదు. అక్కడ కొత్త సదుపాయం అడిగినప్పుడు మైనస్ అంటే "మీతో ఏకీభవించను" అని, రెప్యుటేషన్‌లో ఏమీ తగ్గదు. పోస్టుకు సపోర్ట్, డిస్కషన్, బగ్, ఫీచర్ రిక్వెస్ట్ ట్యాగుల్లో ఒకటి తప్పనిసరి. క్లోజ్ అయిన ప్రశ్న గురించి అడగడానికి డిస్కషన్ గానీ సపోర్ట్ గానీ చాలు.

విద్యార్థి:

ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టొచ్చా అన్నా? ల్యాబు సిస్టమ్‌లో లాగిన్ అవ్వనివ్వరు.

జవాబు (రివ్యూలు చేసే సభ్యుడు):

కోడ్, ఎర్రర్ టెక్స్ట్‌గానే ఉండాలి. ఫొటోలోని కోడ్‌ను ఎవరూ కాపీ చేసి నడపలేరు, వెతికితే దొరకదు కూడా. ఫైలును నీకు నువ్వే మెయిల్ చేసుకుని హాస్టల్లో ఫోన్ నుంచే పోస్ట్ చెయ్, కోడ్‌కు పైన ఒకటి, కింద ఒకటి మూడేసి బ్యాక్‌టిక్‌లు (`) పెట్టు.