‘మరో చరిత్ర’కు హిందీ రూపం సాటి వస్తుందా?

వాల్తేరు మిత్రుడు:
మన విశాఖ, భీమిలి తీరాల్లో 1978లో ‘మరో చరిత్ర’ తీసిన బాలచందర్ గారే, 1981లో అదే కథను ‘ఏక్ దూజే కే లియే’ పేరుతో హిందీలో మళ్ళీ తీశారు. దర్శకుడు ఆయనే, కథానాయకుడు కమల్ హాసనే, విషాదాంతమూ అదే. అయినా మాతృకకు అది సాటి రాలేదని నా అభిప్రాయం. సభ్యులేమంటారు?

రైల్వే కాలనీ:
నేను ఒప్పుకోను. మొదటిది నలుపు తెలుపు చిత్రం. సముద్రం చుట్టూ తిరిగే కథకు అది పెద్ద లోటు. గోవా తీరాన్ని రంగుల్లో చూపాక ఆ లోటు తీరింది. నాన్నగారి ఉద్యోగరీత్యా ఖరగ్‌పూర్‌లో పెరిగిన నేను చూసింది హిందీ చిత్రమే. అందులో పాడినందుకే బాలు గారికి జాతీయ పురస్కారం వచ్చింది. విశాఖ వచ్చి కళాశాలలో చేరాక, నేను చూసింది నకలని తోటివాళ్ళు నాలుగేళ్ళు ఏడిపించారు. అదే దర్శకుడు తీసినది నకలెలా అవుతుంది?

గాజువాక వాసి:
‘దృశ్యం’ మలయాళంలో 2013లో, తెలుగులో 2014లో వచ్చింది. నాకు రెండూ నచ్చాయి.

భీమిలి ఆడపడుచు:
‘దృశ్యం’ ఏ ఊళ్ళోనైనా జరగగల కథ. ఇది తమిళ అబ్బాయికీ తెలుగు అమ్మాయికీ మధ్య భాష అడ్డుపడిన కథ. మద్రాసులో డబ్బింగ్ లేకుండానే ఏడాదికి పైగా ఆడిందంటే, ఆ అడ్డుగోడ తొలగిస్తే కథే ఉండదని అక్కడివాళ్ళకు తెలిసినందువల్లనే.

రైల్వే కాలనీ:
హిందీలోనూ అబ్బాయి తమిళుడే, అమ్మాయి ఉత్తరాదిది. గోడ ఇంకా ఎత్తయింది. నేను రంగుల సంగతి ఎత్తితే మీరు భాష సంగతి చెబుతున్నారు.

వాల్తేరు మిత్రుడు:
ముసురు పట్టిన తెల్లవారుజామున భీమిలి వెళ్ళి చూడండి, సముద్రం బూడిద రంగులోనే ఉంటుంది.

రైల్వే కాలనీ:
అది జవాబు కాదు, మొండితనం. మీ ఊళ్ళో తీశారు కనుక మీకు గొప్ప, అంతే. 2010లో అదే పేరుతో అమెరికా నేపథ్యంలో తీసినది ఆడలేదు, దాన్ని నేనూ సమర్థించను. కానీ రీమేకులన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

భీమిలి ఆడపడుచు:
రంగు గురించే కదా అడిగారు, చెబుతాను. నాది చామనచాయ. పెళ్ళిచూపులకు వచ్చిన మూడు సంబంధాలవాళ్ళూ అమ్మాయి రంగు తక్కువని కబురు పంపారు. ఆ రోజుల్లోనే మా పిన్ని ఈ చిత్రం క్యాసెట్ తెచ్చి వేసింది. నాకు నలుగు పెట్టడానికి సున్నిపిండి కలుపుతున్న మా అమ్మ, తెర నిండా సరిత ముఖం కనబడగానే చెయ్యి గిన్నెలో అలాగే ఉంచి చూస్తూ కూర్చుంది. సరితకు అదే తొలి చిత్రం. అచ్చం నాలాంటి పిల్ల కోసం ఒక అబ్బాయి ప్రాణం పెడుతున్నాడు. హిందీకి వెళ్ళేసరికి కమల్‌ను ఉంచారు, సరితను మార్చారు. రతి అగ్నిహోత్రి నటనకు నేను వంక పెట్టడం లేదు. ఆ ఒక్క ముఖాన్నే ఎందుకు మార్చవలసి వచ్చిందో మీరు చెప్పండి.

గాజువాక వాసి:
దీనికి జవాబు కావాలి.

రైల్వే కాలనీ:
నా దగ్గర లేదండీ. నిజం చెప్పాలంటే తెలుగు చిత్రంలో పాటలు తప్ప నేను పూర్తిగా చూడలేదు. ఈ ఆదివారం చూసి వచ్చి రాస్తాను. నకలు అన్న మాటను మాత్రం అప్పుడూ ఒప్పుకోను.

భీమిలి ఆడపడుచు:
ఆ మాట అన్నది నేను కాదు. చూసి రండి.