బ్యాంకు నంబర్ నుంచే కాల్ వచ్చింది, అయినా మోసమే. ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న:
నిన్న మధ్యాహ్నం మా అమ్మకి బ్యాంకు నుంచి అంటూ ఒక కాల్ వచ్చింది. నేను పక్క గదిలోనే ఉన్నా, "అవునండీ, అవునండీ" అంటుంటే ఎవరో చుట్టాలనుకున్నా. బయటికొచ్చి చూస్తే కళ్లజోడు పెట్టుకుని, కరెంటు బిల్లు వెనకాల ఆరు అంకెలు రాసుకుంటోంది. ఓటీపీ! ఫోన్ లాక్కుని కట్ చేశాను. డబ్బులేం పోలేదు. నాకు అర్థం కానిదేంటంటే, స్క్రీన్ మీద పడింది మా బ్యాంకు పేరే, అమ్మ ఎప్పుడో సేవ్ చేసుకున్న అసలు నంబరే. పైగా వాడు ఆవిడ పూర్తి పేరు చెప్పి, కార్డు మొదటి అంకెలు కూడా చదివాడట. "బ్యాంకువాళ్లు కాకపోతే అవన్నీ ఎలా తెలుస్తాయిరా" అంటోంది. ఏం చెప్పాలి?

జవాబు 1:
కొన్నేళ్లు ఒక బ్యాంకు కాల్ సెంటర్‌లో చేశానండి. స్క్రీన్ మీద కనబడే నంబర్‌ని నమ్మడానికి లేదు, ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లో దాన్ని కావలసినట్టు మార్చి పంపొచ్చు, స్పూఫింగ్ అంటారు. మీ ఫోన్ పాపం ఆ నంబర్‌ని కాంటాక్ట్స్‌లో వెతికి పేరు చూపిస్తుంది, అంతే. మెసేజ్‌లూ ఇంతే, దొంగ మెసేజ్ వచ్చి అసలు బ్యాంకు మెసేజ్‌ల కిందే కూర్చోవచ్చు.

ఇక కార్డు అంకెలు. మొదటి ఆరూ మీ అమ్మగారివి కావు, బ్యాంకువి. వీసా కార్డులన్నీ 4తోనే మొదలవుతాయి, ఆ బ్యాంకు ఆ రకం కార్డు ఇచ్చిన ప్రతివాళ్లకీ ఆ అంకెలు ఒకటే. పేరూ ఫోన్ నంబరూ ఎక్కడో లీకైన లిస్టులో దొరుకుతాయి. వాడి దగ్గర లేనిది ఓటీపీ ఒక్కటే, అందుకే అది అడిగాడు. అన్నట్టు ఆ మెసేజ్‌లో చాలాసార్లు ఎంత సొమ్ముకి, దేనికి అని కూడా రాసి ఉంటుంది, హడావుడిలో అంకెలు తప్ప ఎవరూ చదవరు.

ఎవరు చేసినా సరే పెట్టేసి, కార్డు వెనకాల ఉన్న నంబర్‌కి మీరే చేయండి. నెట్‌లో వెతికి మాత్రం చేయకండి, అక్కడా దొంగ నంబర్లు పెడుతుంటారు. ల్యాండ్‌లైన్‌కి వచ్చిన కాల్ అయితే వేరే ఫోన్ నుంచి చేయండి, కొన్నిచోట్ల అవతలివాడు పెట్టేదాకా లైన్ తెగదు.

జవాబు 2:
నన్ను అసలు ఓటీపీనే అడగలేదు. "మీ ఖాతాలోంచి మా ఉద్యోగే డబ్బు లాగుతున్నాడు, వెంటనే సేఫ్ అకౌంట్‌కి మార్చండి, బ్రాంచిలో ఎవరికీ చెప్పకండి, వాళ్లలో దొంగ ఉన్నాడు" అన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో! నలభై నిమిషాలు లైన్లోనే ఉంచి, యాప్‌లో హెచ్చరిక వస్తే "అది అందరికీ వస్తుంది సార్, ఓకే నొక్కేయండి" అన్నాడు. నా చేత్తో నేనే పంపాను. సేఫ్ అకౌంట్ అనేదే ఉండదని తర్వాత తెలిసింది. మూడు వారాలకి ఇంకొకడు చేసి, పోయిన డబ్బు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అన్నాడు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు అమ్ముకుంటారట, కాబట్టి మళ్లీ కాల్స్ రావచ్చు, చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. ఇప్పుడు కొత్త టెన్షన్. వాడు ఏదో యాప్ వేసుకోమన్నాడట, వేశానో లేదో గుర్తులేదంటోంది.

జవాబు 1:
ముందు ఆ ఫోన్లో నెట్ ఆపేయండి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఉన్నాయేమో చూడండి, అవి మంచి యాప్‌లే కానీ కోడ్ చెప్తే అవతలివాడికి మీ స్క్రీన్ అంతా కనబడుతుంది. ఉంటే తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చేసి కార్డు బ్లాక్ చేయించండి, పాస్‌వర్డ్ కూడా వేరే ఫోన్లోనే మార్చండి. మెసేజ్‌లో వచ్చిన ఫైల్ ఏదైనా వేసి ఉంటే తీసేస్తే సరిపోదు, ఫోన్ రీసెట్ చేయడమే. *#21# కొట్టి కాల్స్ ఇంకెక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
యాప్ ఉంది. తీసేశాను. నా ఫోన్లోంచి బ్యాంకుకి చేశాం, ఇప్పుడు లైన్లో ఉన్నాం. వాళ్లు పుట్టిన తేదీ అడుగుతుంటే అమ్మ చెప్పనంటోంది, "నువ్వు బ్యాంకే అని నమ్మకమేంటి" అని వాళ్లనే నిలదీస్తోంది.