కాటా దగ్గర నిలబడకుండా లిస్టు రాయకు

ప్రశ్న (రాయగడకి కొత్త):
నమస్కారం అండీ. విజయనగరం నుంచి వచ్చి రెండు వారాలైంది. జిన్నింగు మిల్లులో (పత్తి నుంచి గింజ తీసే మిల్లు) పత్తి కొనుగోలు సాఫ్ట్‌వేర్‌కి రిక్వైర్‌మెంట్లు, అంటే అది ఏమేం చేయాలో లిస్టు, రాయాలి. ఒడియా రాదు. ఓనరు గారు, అకౌంటెంటు గారు చెప్పినవి రాసుకున్నాను. ఇంకెవరిని కలవాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (గుణుపురం నుంచి):
తమ్ముడూ, ఇదే పని నేనూ చేసి దెబ్బతిన్నాను. ఓ మిల్లులో ఓనరు గదిలో ఏసీ కింద కూర్చుని పన్నెండు పేజీలు రాసి, సంతకం కూడా పెట్టించుకున్నాను. మొదలుపెట్టిన రోజే కాటా దగ్గర పని ఆగిపోయింది. బండికి ఒక్క రైతు పేరే పట్టేలా చేశాం. కొండ దిగి వచ్చే ఒక్కో వ్యానులో ఏమో నాలుగిళ్ల పత్తి. బస్తా మూతికి కట్టిన గుడ్డపీలిక రంగును బట్టి ఎవరిదేదో చెబుతారు. కాటా గుమస్తా దగ్గర ఎర్ర బైండు పుస్తకం ఉంది. ఒకే వ్యాను నెంబరు కింద నాలుగు పేర్లు, పక్కన ఒడియా అంకెల్లో తూకాలు. ఆ పుస్తకం సంగతి ఓనరుకే సరిగ్గా తెలీదు. "నన్నెవరడిగారు బాబూ?" అన్నాడు గుమస్తా. కోపంగా కూడా అనలేదు.

అందుకే గేటు దగ్గర ఒక బస్తాని పట్టుకుని, డబ్బు ఖాతాలో పడేదాకా దాని వెనకాలే నడువు. హమాలీ మేస్త్రి, కాటా గుమస్తా, తేమ మీటరు పట్టుకునే కుర్రాడు. ఈ కుర్రాణ్ణి అస్సలు వదలకు. మద్దతు ధర కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే సరుకే తీసుకోరు. గొడవలన్నీ అక్కడే. ప్రతివాళ్లనీ ఏం రాస్తారు, ఎవరికిస్తారు, తప్పొస్తే ఎవరు తిడతారు అని అడుగు. నీ లిస్టులో లేని మనిషి ఆ తిట్టేవాళ్లలోనే దొరుకుతాడు.

ఓనరు ముందు గుమస్తా నోరు విప్పడు. విడివిడిగా కూర్చో. ఇద్దరి మాటా కలవనప్పుడు ఎవరి మాట చెల్లుతుందో మాత్రం ఓనరు చేత రాయించుకో.

ఎవరికెంత పవరుందో, ఎంత ఆసక్తి ఉందో చూసి గళ్లు గీసి, ఒక్కొక్కర్నీ ఒక గడిలో రాయమని ట్రైనింగులో చెబుతారు. గియ్యి, కాదనను. కానీ రైతు ఎప్పుడూ పవర్ తక్కువ మూలకే పోతాడు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక, నియమగిరి కొండల్లో బాక్సైటు గనులు తవ్వనివ్వాలా వద్దా అని రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అంతకుముందు వాళ్లని ఏ గడిలో రాసుకున్నారో మరి!

మిల్లులో తెలుగు చెల్లుతోంది కదా అని ఊరుకోకు. రైతుల్లో కువి, సవర అనే గిరిజన భాషలు మాట్లాడేవాళ్లుంటారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్నారు. నీకంత అక్కర్లేదు, నీ భాషా, రైతు భాషా రెండూ వచ్చిన ఊరి కుర్రాణ్ణి రోజుకూలికి తీసుకెళ్లు. వ్యాపారి మనిషిని మాత్రం వద్దు.

జవాబు (రాయగడ నుంచి):
అన్నగారు ఆడవాళ్లని వదిలేశారు. పత్తి ఏరేది వాళ్లు, ఖాతా మగవాళ్ల పేరున. మా వీధిలో రసీదులు బియ్యం డబ్బాలో దాచేది కూడా ఆడవాళ్లే. ఇంకోటి బాబూ, సంతరోజు వెళ్లి అడక్కు, ఎవరికీ తీరికుండదు. దసరా దాటితే కాటా దగ్గర నిలబడ్డానికి చోటుండదు. అయినా సీజనులో ఒక్క పూటైనా అక్కడ నిలబడి చూశాకే సంతకం తీసుకో.